సముద్రం దుంకదు

తప్పు ఒప్పుకున్నవాణ్ణి విడిపించడం కంటే కష్టమైన పని డిటెక్టివు వృత్తిలో మరొకటి లేదు. బుకాయించేవాడైతే నాలుగు ప్రశ్నల్లో దొరికిపోతాడు. "నాదే తప్పు" అని తల వంచుకుని కూర్చున్నవాణ్ణి ఏ ప్రశ్న వేసి లేపాలి?

ఠాణా బెంచీ మీద కూర్చున్న జాన్ సార్‌ని చూసి జమ్ములమ్మ అదే అనుకుంది. ఆమె పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబులుగా రిటైరై, గద్వాలలో ఒక జిరాక్సు షాపు పై గదిలో డిటెక్టివు ఆఫీసు పెట్టుకుంది. వచ్చేవన్నీ పెళ్లిసంబంధాల ఎంక్వయిరీలే. పిల్లవాడు తాగుతాడా, పిల్లకు ఇంతకుముందు నిశ్చితార్థమైందా, ఇవీ ఆమె కేసులు. ఈ సోమవారం మాత్రం తెల్లారేసరికి జాన్ తల్లి ఏసమ్మ మెట్లెక్కి వచ్చి, "నా కొడుకు పిల్లల పానం మీదికి తెచ్చేటోడు గాదు తల్లీ" అని కొంగులో ముఖం దాచుకుంది. జమ్ములమ్మ పొయ్యి మీది చాయ్ అక్కడే వదిలేసి బస్సెక్కింది.

జరిగింది ఇది. రాజోలి దగ్గర తుంగభద్ర ఒడ్డున ఎర్రబండ అనే ఊళ్లో జాన్ సైన్సు మాస్టరు. నిన్న ఆదివారం పొద్దున, అతని తొమ్మిదో తరగతి విద్యార్థిని రేణుక ఏట్లో మునిగింది. నాగేశ్ అనే డ్రైవరు అటుగా వెళ్తూ చూసి, దూకి బయటికి లాగాడు. పిల్ల పక్కన ఒక నీళ్ల పైపు దొరికింది. పిల్ల ఊపిరితోనే ఉంది, తెలివి మాత్రం రాలేదు. గద్వాల దవాఖానలో పడుకోబెట్టారు. ఎస్సై బాలకృష్ణ సాయంత్రానికల్లా మాస్టరు మీద నిర్లక్ష్యం కేసు రాసేశాడు. ఇవాళ నాలుగింటికి అతన్ని కోర్టుకు తీసుకుపోతాడు.

"పిల్లను ఏట్లకు మీరే తోలినరా సార్?" అని అడిగింది జమ్ములమ్మ.

"తోలలే అమ్మా. కానీ నేను చెప్పబట్టే పోయింది."

"ఏం చెప్పినరు?"

"గురువారం నుంచి నేను ట్రైనింగుకని వనపర్తిల ఉన్న. శనివారం రాత్రి ఇల్లు చేరంగనే రేణుక ఫోన్ చేసింది. 'సార్, మన ఏటి లెక్కల దుంకు వచ్చింది' అన్నది. 'దుంకు వస్తే నీళ్లను నమ్మకు, ముందుగాల కర్రను అనుమానించు' అన్న." అతను అరచేతులతో ముఖం తుడుచుకున్నాడు. "పిల్ల తెలివికి మురిసిన గాని, ఒక్కదానివే పోకు అనలే. ఇంతకంటె నిర్లక్ష్యం ఏముంటదమ్మా?"

దుంకేమిటో, కర్రేమిటో జమ్ములమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కాని తన తప్పును ఇంత శ్రద్ధగా వెతుక్కునే మనిషి పిల్లలను గాలికి వదిలేయడని మాత్రం అర్థమైంది. ఏసమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టె అతని చేతిలో పెట్టింది.

"అమ్మ పంపింది, తినుండ్రి. మిగతాది నేను చూస్త."

*

తొమ్మిదో తరగతి గోడ మీద పాత క్యాలెండరు కాగితాలు వెనక్కి తిప్పి అతికించి ఉన్నాయి. వాటి మీద వరసగా బొట్టుబిళ్లలు. పైన ఎర్రవి, కింద పచ్చవి. ఆడపిల్లల ఇళ్లల్లో అద్దాల మీద ఉండాల్సిన బొట్లన్నీ బడిగోడకు ఎక్కినట్టున్నాయని జమ్ములమ్మకు నవ్వొచ్చింది.

"ఎర్ర బొట్లు సముద్రం పెద్దమ్మా," అంది గీత. ఆ పిల్ల రేణుక పక్క బెంచీలో కూర్చునేది.

"పాలమూరోళ్లకు సముద్రంతోని ఏం పని?"

"రేణుక వాళ్ల అమ్మానాయన ఆ ఒడ్డుకే పనికి పోయిన్రు. నీళ్లకు అడ్డంగ గోడ కడ్తున్రు. పోటు వచ్చినప్పుడు నీళ్లు వాళ్ల రేకులషెడ్డు గడప దాక వస్తయంట. సముద్రం నిజంగ పెరుగుతుందా సార్, మా అమ్మ భయపడ్తుంది అని రేణుక అడిగింది. గందుకే సార్ ఆ ఊరి లెక్కలే తెచ్చి మాకు నేర్పిండు."

జమ్ములమ్మ నవ్వు ఆగిపోయింది. "ఏం నేర్పిండు, నాకు గూడ చెప్పు."

"ఒక్కనాడు చూసి పెరిగింది అనొద్దు. అల వస్తది, పోతది. పోటు వస్తది, పోతది. నెలంత కొలిచినయి కలిపి సగటు తీస్తె ఒక్క బొట్టు. గట్ల ఏండ్లకేండ్లు పెడ్తె అప్పుడు తెలుస్తది." గీత వేలు ఎడమ నుంచి కుడికి మెల్లగా పైకి సాగింది. కనిపించీ కనిపించనట్టుగా, బొట్ల వరస ఎక్కుతూనే ఉంది. "సముద్రం దుంకదు పెద్దమ్మా. పాకుతది."

"మరి ఈడ దుంకింది గదా?" జమ్ములమ్మ ఒకచోట వేలు పెట్టింది. అక్కడ బొట్లు మెట్టెక్కినట్టు ఒక్కసారిగా పైకి లేచి, ఆ ఎత్తునే సాగాయి.

పిల్లలందరూ ఒకేసారి మాట్లాడారు. అది సార్ పెట్టిన పరీక్షట. తుఫాను అని కొందరన్నారు. తుఫాను అయితే నీళ్లు మళ్లీ దిగాలి కదా, దిగలేదే! వారమంతా కొట్లాడుకున్నాక రేణుకే లేచి, సముద్రం పెరగలేదు సార్, కొలిచే కర్రే కిందికి దిగింది అందట. నిజంగానే ఆ ఏడు రేవులో కొలతకర్రను కదిలించారట. ఆ రోజు సార్ రేణుక చేత క్లాసంతటికీ పల్లీపట్టీలు పంచిపెట్టించాడు.

కింది పచ్చబొట్లు ఏటివి. కొలవడం చేత్తో నేర్చుకోవాలని జూలైలో సార్ ఏటి అంచున ఒక కర్ర పాతించాడు. పిల్లలు రోజూ సాయంత్రం ఒడ్డు బండ మీద నిలబడి అంకె చూస్తారు. నీళ్లలో కాలు పెట్టకూడదు, అది సార్ పెట్టిన మొదటి రూలు. గురువారం దాకా పచ్చబొట్లు బుద్ధిగా ఉన్నాయి. శుక్రవారం, శనివారం బొట్లు మాత్రం జానెడు పైన కూర్చున్నాయి.

"మీ కర్రను గూడ ఎవరో కదిలించిన్రా?"

"రేణుక గదే అన్నది. బండకు సార్ ఉలితోని చెక్కిన గుర్తు ఉంది. అది కదలదు. దాని లెవెలుకు, కర్ర లెవెలుకు ఎంత తేడానో మాకు ఎరుకే. వాళ్ల నాయన మేస్త్రి గదా, లెవెలు చూసే నీళ్ల పైపు ఇంట్లనే ఉంది."

"ఎట్ల చూస్తరు దాంతోని?"

గీత సంచిలోంచి తమ నమూనా పైపు తీసి, నీళ్లు నింపి ఒక కొస కిటికీ దగ్గర పట్టుకుంది. ఇంకో పిల్ల రెండో కొస తలుపు దగ్గర పట్టుకుంది. రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే మట్టానికి వచ్చి నిలిచాయి.

"ఇద్దరు గావాలె పెద్దమ్మా. ఒక్కరితోని గాదు."

జమ్ములమ్మ ఆ రెండో కొస వైపు కాసేపు అలాగే చూసింది.

"నిన్న రేణుకతోని ఎవరు పోయిన్రు?"

ఎవరూ పోలేదు. పిలిస్తే పోయేవాళ్లమే అని గీత ఏడ్చేసింది. జమ్ములమ్మ దగ్గరికి తీసుకుని, తన కొంగుతోనే ఆ పిల్ల ముక్కు తుడిచింది.

*

ఏటి మెట్ల దగ్గర నలుగురు ఆడవాళ్లు ఊడ్చి ముగ్గులు పెడుతున్నారు. కార్తీక సోమవారం కదా. అరటిదొప్పలు కుప్పగా పోసి ఉన్నాయి. వాళ్లలో పెద్దది అమృతమ్మ.

"సందెకు నువ్వు గూడ రా అక్కా. ఊరంత దిగుతం. నడుములోతు నీళ్లల్ల నిలబడి దీపాలు వదుల్తం," అని పిలిచింది.

వస్తానని చెప్పి జమ్ములమ్మ బండ మీదికి వెళ్లేసరికి ఎస్సై బాలకృష్ణ ఎదురొచ్చాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో పంచనామా రాయడం అతనికి నేర్పింది ఆమే. నేర్చుకున్నవాడు గురువుకు పంగనామం పెట్టకపోతే ఎలా?

"అక్కా, లెక్క సాఫ్," అన్నాడు. "ఆడ నీళ్ల కింద ముందునుంచే గుంత ఉంది. అసుంటి జాగల కర్ర పాతిండంటె మాస్టరుదే తప్పు."

"ముందునుంచే ఉందని ఎవరు చెప్పిన్రు?"

"నాగేశ్. పిల్లను తీసినోడు. నా సాక్షి."

"పిల్ల పక్కన నీళ్ల పైపు దొరికిందంట గదా. దాని రెండో కొస ఎవరు పట్టిన్రు?"

బాలకృష్ణ చిన్నగా నవ్వాడు. "ఇద్దరు గావాల్నా దానికి? మంచి మాట చెప్పినవ్ అక్కా. ఇంకెవరు పట్టుకుంటరు, జాన్ సారే. మునిగింది ఏడింటికి. ఆయన చర్చికి పోయింది ఎనిమిదింటికి. రాసుకుంట."

జమ్ములమ్మకు ఒళ్లు మండింది. తన చేతి కర్రే తన నెత్తిన పడింది. కానిస్టేబుళ్లు ఏట్లోంచి పీకి బండ మీద పడేసిన కొలతకర్ర దగ్గర గొంతుక్కూర్చుంది.

అంకెల సందుల్లో ఎక్కడో కాస్త పసుపు. అడుగున పిడికెడు మట్టిపెళ్ల కరుచుకుని ఉంది. జడపిన్ను తీసి ఆ మట్టిని గీకింది. లోపల తీగతో బిగించి కట్టిన గుడ్డమూట. ఎవరో తలగుడ్డ అంచు చింపి, పసుపులో ముంచి కట్టిన మూట అది. గుడ్డ సందుల్లోంచి తెల్లటి మొలకలు బయటికి తొంగి చూస్తున్నాయి.

"నవధాన్యాలు," అన్నాడు బాలకృష్ణ. "పాతేటప్పుడు కట్టుంటరు. అయితే ఏంది?"

"ఎప్పుడు పాతిన్రు?"

"జూలైల."

"జూలైల కట్టిన పెసలు నవంబరుల మొలకెత్తుతయారా? మీ ఆవిడ మొలకలు చేసి పెడ్తదిగా, ఎన్నొద్దులు నానపెడ్తదో అడుగు. ఇది మూడొద్దుల మొలక. ఈ కర్రను శుక్రవారం మల్ల పాతిన్రు. అంటే గురువారం సాయంత్రం పిల్లలు అంకె చూసినంక ఎవరో దీన్ని కూల్చిన్రు. గుంత అప్పుడే తవ్విన్రు. అప్పుడు మాస్టరు వనపర్తిల ఉండె."

"గుంత తవ్వినోడే కర్ర గూడ పాతి ఉంటడు."

"కడుపుల పాపం ఉన్నోడు ఇంత పసుపు పూసి, తన తలగుడ్డ చింపి మూట కడ్తడా? పాతినోడు వేరే. ప్రేమతోని పాతిండు."

బాలకృష్ణ టోపీ సర్దుకున్నాడు. "మొలకలు చూపిస్తె కోర్టు నమ్మదక్కా. పాతినోణ్ణి తీసుకొచ్చి నాతోని మాట్లాడించు. నాలుగింటి దాక చూస్త."

అతను వెళ్లాక జమ్ములమ్మ మెట్ల దగ్గరికి వచ్చింది. "అమృతమ్మా, మీ ఊళ్లె బోరు వేసినా, పందిరిగుంజ పాతినా, ఈ మూట కట్టేదెవరు?"

"ఇంకెవరక్కా, రామచంద్రయ్య మామ. ఆయన చెయ్యి పడితె ఏదైనా నిలబడ్తది. పాపం, ఇప్పుడు మనుమరాలి కాడ దవాఖానల ఉన్నడు."

"ఎవరు మనుమరాలు?"

"రేణుకనే."

ఆ ప్రశ్న అడగకపోయినా బాగుండేది అనుకుంది జమ్ములమ్మ.

*

అయిజలో బస్సు మారి గద్వాల చేరేదాకా ఆ మూట ఆమె ఒడిలోనే ఉంది. మాస్టరు బయటపడాలంటే ముసలాయన నోరు విప్పాలి. ఆయన నోరు విప్పాలంటే, నువ్వు పాతిన కర్ర వల్లే నీ మనుమరాలు నీళ్లలోకి దిగిందని ఆయనకు తెలియాలి. ముప్పై ఏళ్ల నౌకరీలో ఎంతమంది దొంగలనో నిలదీసింది గాని, ఇంత మంచివాణ్ణి నిలదీయాల్సిన రోజు వస్తుందనుకోలేదు.

వార్డు బయట నాగేశ్ కొబ్బరిబోండాంతో నిలబడి ఉన్నాడు. నిన్నటినుంచి ఇంటికి పోలేదని, సొంత అన్న కూడా ఇంత చేయడని నర్సు మెచ్చుకుంది. లోపల రామచంద్రయ్య స్టూలు మీద కూర్చుని రేణుక అరికాళ్లు రుద్దుతున్నాడు. పిల్ల కళ్లు మూసుకునే ఉంది.

జమ్ములమ్మ తాను ఎవరో చెప్పి, రుమాలు విప్పి ఆ పసుపుమూట చూపించింది.

"పెద్దయ్యా, ఇవి ఎవరివి?"

"నావే బిడ్డా!" ముసలాయన ముఖం వెలిగింది. "మొలకలొచ్చినయా! మంచి శకునం. నా పిల్ల లేస్తది."

జమ్ములమ్మ కళ్లు తిప్పుకుంది. "ఎప్పుడు పాతినవ్?"

"శుక్రవారం పొద్దున. నాగేశ్ వచ్చి, తాతా, ఎడ్లు తాకి పిల్లల కర్ర పడింది, జర పాతు అన్నడు. జాగ గూడ ఆయనే చూపిచ్చె. సందెకు పిల్ల లెక్క చూసుకోవాలె గదా. ఒక్కనాడు లెక్క తెగినా అన్నం తినదు. సముద్రం పాకుతది గాని దుంకదే, నువ్వు భయపడకని రోజు వాళ్లమ్మకు ఫోన్ల చెప్తది." మాట మధ్యలో ఆగి, ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత మొలకల్లోకి చూశాడు. "ఎందుకడుగుతున్నవ్ బిడ్డా? నేను పాతిన జాగ తప్పా?"

అబద్ధం చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

"కర్ర జానెడు కిందికి దిగింది పెద్దయ్యా. ఆ తేడా నీ మనుమరాలు పట్టింది. సరిచూడనీకి పోయింది."

ముసలాయన చేతులు పిల్ల పాదాల మీదే ఆగిపోయాయి. జమ్ములమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"గుంత తవ్వినోడిది తప్పు. నీది గాదు. నువ్వు ఈ మాట ఎస్సైకి చెప్తె మాస్టరు బయటపడ్తడు. చెప్పకుంటె నేను బలవంతం చెయ్య."

రామచంద్రయ్య అంచు చిరిగిన తలగుడ్డతో కళ్లు తుడుచుకున్నాడు. "ఫోన్ కలుపు బిడ్డా. నా పిల్లకు సదువు చెప్పే సారు నా చేతిపనికి జైలుకు పోవొద్దు."

ఆమె బాలకృష్ణకు కలిపింది. జాన్‌ను జీపెక్కించుకుని ఏటి రోడ్డు మీదుగా కోర్టుకు బయలుదేరానని అతను చెప్పాడు. ఫోన్ స్పీకర్లో పెట్టి మంచం మీద ఉంచింది. ముసలాయన ఒక్కో మాట కూడదీసుకుని చెప్పడం మొదలుపెట్టాడు. సగంలో ఉండగా మంచం మీంచి సన్నటి గొంతు వినిపించింది.

"తాతా, నాకు ఎరుకే."

రేణుక కళ్లు తెరిచి ఉంది. ముసలాయన స్టూలు మీంచి లేచాడు. వంగి పిల్ల నుదురు తడుముతూ ఉండిపోయాడు.

"కర్రకు పసుపు చూసిన. నువ్వే పాతినవ్ అనుకున్న. సార్‌కు దుంకు సంగతి చెప్పిన గాని పసుపు సంగతి చెప్పలే. నిన్ను ఏమన్న అంటరని… ఎవ్వరికి తెలవకుండ సరిచేద్దామని పోయిన."

జమ్ములమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా అడగక తప్పదు.

"పైపు రెండో కొస ఎవరు పట్టిన్రు తల్లీ?"

"నాగేశన్న. ఆడనే నిలబడి ఉండె. జర పట్టు అన్నా అన్న. బండ గుర్తు కాడ పట్టిండు. నేను లోపలికి పోతుంటె నోరు తెరిచిండు. ఏదో చెప్తడేమో అనుకున్న. చెప్పలే."

తలుపు దగ్గర దబ్బున చప్పుడైంది. కొబ్బరిబోండాం నేల మీద దొర్లుతోంది. నాగేశ్ గుమ్మంలోనే గోడకు జారగిలి కూలబడ్డాడు.

"పోకు అందామనుకున్న పెద్దమ్మా. అంటె ఎందుకన్నా అంటది. రాత్రిపూట ఇసుక తవ్వే మిషను నడిపేది నేనే అని చెప్పాలె. ఒక్క అడుగు ఆగుతదేమో అని చూసిన. ఆగలే. మునగంగనే దుంకిన." ముఖం చేతుల్లో దాచుకుని, వెక్కుతూ అన్నాడు, "అదొక్కటే గాదు. మెట్ల ముంగట గూడ తవ్వినం. చీకట్ల తవ్వినం, ఎన్నో నాకే సరిగ తెల్వదు. పైన నీళ్లు మోకాలు లోతే అనిపిస్తది."

జమ్ములమ్మ ఫోన్ చేతిలోకి లాక్కుంది. ఊరంత దిగుతం అంది అమృతమ్మ. నడుములోతు నీళ్లల్ల అంది. చంకల్లో పిల్లలతో, చేతుల్లో దీపాలతో.

"బాలకృష్ణా!" అని ఫోన్లోకి అరిచింది. "విన్నవా?"

అటునుంచి జీపు బ్రేకు పడిన చప్పుడు వినిపించింది. తర్వాత అతని గొంతు, ఆమెతో కాదు, వెనక సీటుతో మాట్లాడింది.

"సార్, దిగుండ్రి. కోర్టుకు గాదు, ఏటికి. ఎంత దాక పోవచ్చో ఆ నీళ్ల సంగతి మీకే ఎరుక."

రేణుక తాత చెయ్యి పట్టుకుని ఫోన్ వైపు తల తిప్పింది. "సార్, బండ గుర్తు దాటి ఎవ్వరిని దిగనియ్యకుండ్రి. మన క్లాసోళ్లను పిలిచి వరసగ నిలబెట్టుండ్రి. పైపులు పట్టుకుంటె అడ్డం కట్టినట్టు ఉంటది."

"అట్లనే బిడ్డా," అన్నాడు ఎస్సై ఫోన్ అందుకున్న జాన్. అతను పరుగెడుతున్నట్టున్నాడు, మాట ఎగిరెగిరి పడుతోంది. "నువ్వు లేచినవ్, నాకు అదే చాలు."

ఆ వెనకే ఫోన్లో ఇంకో చప్పుడు వినిపించింది. ముందు గాలి అనుకుంది జమ్ములమ్మ. చెవి దగ్గర పెట్టుకుంటే ఆడవాళ్ల పాట. పొద్దు గూకకముందే వాళ్లు దీపాలతో బయలుదేరారు. పాట మెట్లు దిగుతోంది.